సికింద్రాబాద్‌లో దోమ గుట్టు రట్టు చేసిన రొనాల్డ్ రాస్

మలేరియా అనే మాటకు చెడుగాలి అని అర్థం. మురుగు గుంటల నుంచి లేచే చెడుగాలి వల్లనే చలిజ్వరం వస్తుందని వందల ఏళ్ళపాటు లోకం నమ్మింది. ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టిన పరిశోధన జరిగింది సికింద్రాబాద్ బేగంపేటలోనే. చేసిన వారు సర్ రొనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉన్నతాధికారి. పదిమంది సంతానంలో రాస్ పెద్దవారు. ఆయన మనసంతా కవిత్వం మీద, సంగీతం మీద ఉండేది. వైద్యం చదవడం బొత్తిగా ఇష్టం లేదు. తండ్రి పట్టుబట్టడంతో లండన్‌లో చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు.

బెంగుళూరులో పనిచేసే రోజుల్లో ఆయన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండేది. కిటికీ బయట నీళ్ళ తొట్టిలో దోమ పిల్లలు కదలాడుతూ కనిపించాయి. తొట్టి బోర్లించగానే దోమలు తగ్గిపోయాయి. మెస్సులోని తొట్లు, పూలకుండీలు కూడా అలాగే ఖాళీ చేయించమని చెబితే, ప్రకృతి ధర్మానికి అడ్డు రాకూడదని అక్కడి అధికారి ఒప్పుకోలేదు. దోమకూ జ్వరానికీ సంబంధం ఉందని అప్పటికి రాస్‌కు కూడా తెలియదు.

1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ మలేరియా రోగి నెత్తుటిలో సూక్ష్మజీవిని కనిపెట్టారు. అది మనిషి నుంచి మనిషికి ఎలా చేరుతుందో మాత్రం అంతుబట్టలేదు. దోమల పాత్ర ఉండవచ్చునని 1894లో లండన్‌లో డాక్టర్ ప్యాట్రిక్ మాన్సన్ రాస్‌కు సూచించారు. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాద్ వచ్చి పని మొదలుపెట్టారు. హుస్సేన్ ఖాన్ అనే రోగి చేత దోమలు కుట్టించుకుని, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవారు. మధ్యలో కలరా నివారణ పనికి బెంగుళూరు పంపారు. 1897లో ఊటీ సమీపంలో ఆయనకే మలేరియా పట్టుకుంది. అయినా పట్టు విడువలేదు.

రెండేళ్ళు కోసి చూసిన దోమలన్నీ వేరే జాతులవి కావడంతో ఏమీ దొరకలేదు. చివరకు రెక్కల మీద మచ్చలున్న అనాఫిలిస్ దోమలు చిక్కాయి. 1897 ఆగస్టు 20న ఉక్కపోతలో, దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దని, చెమటకు మరలు తుప్పుపట్టిన సూక్ష్మదర్శినితో చూస్తుండగా దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కణాలు కనబడ్డాయి. మరునాడు ఇంకో దోమలో ఆ కణాలు పెద్దవయ్యాయి. క్రిమి దోమలో బతికి పెరుగుతున్నదని రుజువైంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయనను రాజపుటానాకు బదిలీ చేశారు. అక్కడ పని సాగలేదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించారు. మనుషుల విషయంలో అనాఫిలిస్ దోమే కారణమని అదే ఏడాది ఇటలీ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ ఘనత ఎవరిదన్న విషయంలో వారికీ రాస్‌కూ పెద్ద తగాదా నడిచింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌ను వరించింది. ఆ బహుమతి పొందిన మొదటి బ్రిటిషు పౌరుడు ఆయనే. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

బహుమతితో ఆయన తృప్తి పడలేదు. మందు ఒక్కటే చాలదని, దోమ పుట్టే నీటిని తీసివేయాలని ఊరూరా చెప్పారు. ఈజిప్టులోని ఇస్మాయిలియా పట్టణంలో ఆయన సలహాపై గుంటలు పూడ్చి, నీరు తోడించడంతో జ్వరాలు బాగా తగ్గాయి.

ఈ పాఠం మరిస్తే ఏమవుతుందో మన దేశమే చూసింది. 1953లో మొదలైన జాతీయ కార్యక్రమం వల్ల 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగాయి. అశ్రద్ధ పెరగడం, దోమలు మందుకు లొంగకపోవడంతో 1976లో 64 లక్షలు దాటాయి.

గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి తొట్లు, కుండీలు, పాత టైర్లలో నీరు పారబోసి ఆరబెడితే ఆ తరం దోమలు అక్కడే నశిస్తాయి. పారబోయలేని బావులు, చెరువులలో గంబూసియా చేపలు వదలవచ్చు. రాత్రి దోమతెర కట్టుకోవాలి. చలితో జ్వరం వస్తే వెంటనే నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. రోగి నెత్తుటిలో క్రిమి ఉన్నంతకాలం, అతన్ని కుట్టిన దోమ పక్కింటికి కూడా జ్వరం మోసుకుపోతుంది.