మంచం పక్కనే తరగతి గది: కర్నూలు బిడ్డ డాక్టర్ లక్ష్మణస్వామి ముదలియార్



మా అబ్బాయి డాక్టరు కావాలి, మా అమ్మాయి డాక్టరు కావాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఏ ఊరి పేరెంట్స్ మీటింగులోనైనా ఎక్కువగా వినిపించే మాట ఇదే. చాలా మంచి కోరిక. అయితే ఒక్క ప్రశ్న. ర్యాంకు వచ్చి, మెడికల్ కాలేజీలో సీటు దొరికాక, మీ బిడ్డను డాక్టరుగా తయారుచేసేది ఎవరు?

పుస్తకం కొంత చేస్తుంది. లెక్చర్ హాలు కొంత చేస్తుంది. అసలు పని మాత్రం ఆసుపత్రి వార్డులో, రోగి మంచం పక్కన నిలబడి పాఠం చెప్పే గురువుది. ఆయననే క్లినికల్ ప్రొఫెసర్ అంటారు. అక్టోబరు 14 అలాంటి ఒక మహా గురువు జయంతి. ఆయన పుట్టింది మన రాయలసీమలోనే, కర్నూలులో. పేరు ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియార్. ఈ నెల ఆయన జీవితం గురించి తెలుసుకుందాం. మీరు చదివాక పిల్లలకూ చెప్పండి.

కర్నూలు కవలలు

1887లో కర్నూలులో న్యాయవాది కుప్పుస్వామి ముదలియార్ ఇంట ఒకేరోజు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ముందు పుట్టినవాడికి రామస్వామి అని, తర్వాత పుట్టినవాడికి లక్ష్మణస్వామి అని పేర్లు పెట్టారు. ఇంటి భాష తమిళం, ఊరి భాష తెలుగు. ఇద్దరూ కర్నూలు మునిసిపల్ హైస్కూలులో చదివారు. పోలికలు ఎంతగా కలిసేవంటే, పెద్దయ్యాక కూడా ఒకరిని చూసి ఇంకొకరనుకునేవారు.

1903లో అన్నదమ్ములు పై చదువులకు మద్రాసు వెళ్లి క్రిస్టియన్ కాలేజీలో చేరారు. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. రామస్వామి న్యాయశాస్త్రం చదివి రాజకీయాల్లోకి వెళ్లారు. 1945లో భారతదేశం తరఫున ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద సంతకం చేశారు. మన హిందూపురం దాటితే వచ్చే మైసూరు సంస్థానానికి దివానుగా కూడా పనిచేశారు. లక్ష్మణస్వామి వైద్యం ఎంచుకుని 1835లో మొదలైన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

ఆనాటి పరిస్థితి మీ పిల్లలకు తప్పక చెప్పండి. విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ వచ్చింది 1923లో. కర్నూలుకు 1957లో, తిరుపతికి 1960లో, అనంతపురానికి 2000లో వచ్చింది. లక్ష్మణస్వామి చదువుకునే నాటికి మన సీమ కుర్రాడు డాక్టరు కావాలంటే ఊరు విడిచి మద్రాసు వెళ్లాల్సిందే.

క్లినికల్ ప్రొఫెసర్ ఏం చేస్తారు?

మెడికల్ కాలేజీలో రెండు రకాల గురువులుంటారు. శరీర నిర్మాణం, శరీర ధర్మాలు లాంటి మూల శాస్త్రాలు చెప్పేవారు ఒకరు. జనరల్ మెడిసిన్, సర్జరీ, పిల్లల వైద్యం, కాన్పుల వైద్యం లాంటివి చెప్పేవారు ఇంకొకరు. ఈ రెండో రకం గురువుకు వార్డు ఉంటుంది, రోగులుంటారు. రోగికి వైద్యం చేస్తూనే విద్యార్థికి నేర్పాలి. రెండింటిలో ఏ ఒక్కటి తగ్గినా నష్టమే.

ఉదయం రౌండ్స్ మొదలవుతాయి. ప్రొఫెసర్ ముందు, వెనుక అసిస్టెంట్లు, ఆ వెనుక విద్యార్థులు. ఒక విద్యార్థి రోగి దగ్గర వివరాలు అడిగి తెలుసుకుని, పరీక్ష చేసి, తనకు తోచింది చెప్తాడు. ప్రొఫెసర్ విని, రోగిని స్వయంగా చూసి, ఎక్కడ సరిగ్గా చూశాడో, ఏం వదిలేశాడో చూపిస్తారు. విద్యార్థి పొరపడితే రోగికి హాని జరగకుండా చూసే బాధ్యత ఆ గురువుదే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో విలియం ఆస్లర్ అనే వైద్యుడు 1890ల్లో విద్యార్థులను ఇలా వార్డుల్లోకి తీసుకెళ్లి నేర్పే పద్ధతికి గొప్ప పేరు తెచ్చారు. ఇప్పుడు మన దేశంలోనూ ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచే విద్యార్థులకు రోగులను చూసే అవకాశం ఇస్తున్నారు. చివరి పరీక్షల్లో కూడా కాగితం మీద జవాబులు రాస్తే సరిపోదు. లాంగ్ కేసు, షార్ట్ కేసు అని అసలు రోగులను చూసి చెప్పాలి.

పశువైద్యంలోనూ ఇదే పద్ధతి. 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీలోనైనా, 1955లో మొదలైన తిరుపతి వెటర్నరీ కాలేజీలోనైనా, జబ్బుపడిన ఆవు పక్కన, గొర్రె పక్కన నిలబడే ప్రొఫెసర్ పాఠం చెప్తారు. అక్కడ ఇంకో కష్టముంది. పశువు తన నొప్పి చెప్పుకోలేదు. మేత ఎప్పుడు మానేసిందో, నెమరు వేస్తోందో లేదో చెప్పేది రైతు. అందుకే అక్కడి విద్యార్థి పశువును చూడటంతో పాటు రైతు మాట ఓపిగ్గా వినడం కూడా నేర్చుకోవాలి.

ఎగ్మోరు ఆసుపత్రి

లక్ష్మణస్వామి ఎంచుకున్నది కాన్పుల వైద్యం. ఆ రోజుల్లో కాన్పు ఆడవాళ్లకు నిజంగానే పునర్జన్మ. అధిక రక్తస్రావం, బాలింతలకు వచ్చే జ్వరం, మన పెద్దలు గుర్రపు వాతం అని పిలిచిన ఫిట్లు, బిడ్డ అడ్డం తిరగడం, ఇవన్నీ తల్లుల ప్రాణాలు తీసేవి. రక్తం ఎక్కించే సదుపాయం అంతంత మాత్రం. యాంటీబయాటిక్స్ ఇంకా రాలేదు. స్కానింగ్ యంత్రం అనే మాటే లేదు.

అలాంటప్పుడు డాక్టరు చేతిలో ఉన్న సాధనాలేమిటి? కళ్లు, చేతులు, చెవులు. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో, వీపు ఎటుందో చెప్పగలగాలి. కొమ్ములాంటి గొట్టం ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినగలగాలి. కాళ్ల వాపు, తలనొప్పి, రక్తపోటు చూసి, ఫిట్లు రాకముందే ప్రమాదాన్ని పసిగట్టాలి. పుస్తకంలో వందసార్లు చదివినా ఇవి రావు. తెలిసిన గురువు పక్కన నిలబడి చూపిస్తేనే వస్తాయి. 1844లో మొదలై తర్వాత ఎగ్మోరుకు మారిన మద్రాసు ప్రభుత్వ కాన్పుల ఆసుపత్రిలో, మెడికల్ కాలేజీ ఆచార్యుడిగా లక్ష్మణస్వామి చేసిన పని ఇదే.

మంచం పక్కన నేర్పడంలో ప్రమాదం కూడా ఉంది. 1840ల్లో వియన్నా ఆసుపత్రిలో రెండు కాన్పుల వార్డులుండేవి. ఒకదానిలో వైద్య విద్యార్థులు నేర్చుకునేవారు, ఇంకొకదానిలో మంత్రసానులు. విద్యార్థులున్న వార్డులోనే తల్లులు ఎక్కువగా చనిపోయేవారు. శవపరీక్ష గదిలోంచి సరిగ్గా చేతులు కడుక్కోకుండా నేరుగా కాన్పులకు రావడమే కారణమని సెమ్మెల్వైస్ అనే యువ వైద్యుడు గుర్తించారు. 1847లో క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టగానే మరణాలు బాగా తగ్గాయి. నేర్చుకునే చెయ్యి శుభ్రంగా లేకపోతే ఆ చదువుకు ఒక తల్లి మూల్యం చెల్లిస్తుందని వైద్య లోకం ఆలస్యంగానైనా నేర్చుకుంది. క్లినికల్ ప్రొఫెసర్ క్రమశిక్షణ విషయంలో ఎందుకంత కఠినంగా ఉంటారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

తన అనుభవాన్ని లక్ష్మణస్వామి తన వార్డుకే పరిమితం చేయలేదు. 1938లో క్లినికల్ అబ్‌స్టెట్రిక్స్ అనే పాఠ్యపుస్తకం వెలువరించారు. అప్పటిదాకా మన విద్యార్థులు ప్రధానంగా ఆధారపడినవి విదేశీ పుస్తకాలే. ఇక్కడి తల్లులను ఇక్కడి వార్డుల్లో చూసిన వైద్యుడు రాసిన పుస్తకం వారికి దొరికింది. తర్వాతి ముద్రణలకు డాక్టర్ కృష్ణ మీనన్ తోడయ్యారు. ముదలియార్ అండ్ మీనన్ అనే పేరుతో ఆ పుస్తకం కొత్త ముద్రణలు పొందుతూనే వచ్చింది. మీ బంధువుల్లో ఎంబీబీఎస్ చదివినవారుంటే అడిగి చూడండి, పేరు వినే ఉంటారు.

వార్డు నుంచి విశ్వవిద్యాలయానికి

మద్రాసు మెడికల్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయిన తొలి భారతీయుడు లక్ష్మణస్వామే. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. 1969 దాకా, అంటే 27 ఏళ్ల పాటు ఆ పదవిలో ఉన్నారు. ఆ మధ్యలోనే దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆయన పుట్టిన కర్నూలే రాజధాని అయింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలై, సీమ పిల్లలకు చదువు దగ్గరైంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టిన తొలి రోజుల నుంచీ ఆయన అందులో పనిచేశారు. 1948లో జెనీవాలో జరిగిన మొదటి ప్రపంచ ఆరోగ్య సభకు భారత ప్రతినిధి వర్గంలో వెళ్లారు. తర్వాత ఆ సంస్థ కార్యనిర్వాహక మండలికి అధ్యక్షులయ్యారు. 1961లో ప్రపంచ ఆరోగ్య సభ ఢిల్లీలో జరిగినప్పుడు దానికీ అధ్యక్షత వహించారు. 1954లో పద్మభూషణ్, 1963లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

1959లో దేశ ఆరోగ్య పరిస్థితిని సమీక్షించడానికి కేంద్రం వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. కొత్త ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పెంచుకుంటూ పోయే ముందు ఉన్నవాటిని బలపరచాలని, ఒక్కో కేంద్రం మీద 40,000 మందికి మించి భారం పెట్టకూడదని, జిల్లా ఆసుపత్రుల్లో స్పెషలిస్టులు ఉండాలని ఆ కమిటీ సూచించింది. రాత్రిపూట నొప్పులొచ్చిన కోడలిని తీసుకుని ఏ ఊరి ఆసుపత్రికి పరుగెత్తాలో తేల్చుకోలేక నలిగిన కుటుంబాలకు ఆ సూచనల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

మన బడులకు ఆయన చెప్పింది

1952లో భారత ప్రభుత్వం సెకండరీ విద్యా కమిషన్ వేసినప్పుడు దానికి అధ్యక్షుడిగా ఈ వైద్యాచార్యుడినే ఎంచుకుంది. 1953లో వచ్చిన ఆ నివేదికను ముదలియార్ కమిషన్ నివేదిక అంటారు. బీఎడ్ చదివిన ప్రతి టీచరుకూ ఈ పేరు తెలుసు.

చదువు మొత్తం చివరి పరీక్ష చుట్టూ తిరుగుతోందని, బట్టీ పట్టడమే చదువైపోయిందని ఆ నివేదిక విమర్శించింది. బయటి పరీక్షల సంఖ్య తగ్గించాలంది. పిల్లవాడు ఏడాది పొడవునా చేసిన పనిని రికార్డుగా ఉంచి, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలంది. చేత్తో చేసే పనికి, వృత్తి విద్యకు చోటివ్వాలంది. బోధన మాతృభాషలో సాగాలని, బడిలో పిల్లలకు క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు జరగాలని కూడా సూచించింది.

రోగి మంచం పక్కన పాఠం చెప్పిన మనిషి అధ్యక్షతన ఈ మాటలు రావడంలో ఆశ్చర్యం లేదు. ఒక్క రోజు నాడి చూసి రోగి పరిస్థితి పూర్తిగా తేల్చరు. రోజూ చూస్తారు, కేస్ షీటులో రాస్తారు, నిన్నటితో పోలుస్తారు. ఒక్క పరీక్షలో వచ్చిన మార్కుతో బిడ్డను తేల్చేయడం కూడా అలాంటిదే. ఇది ర్యాంకులు ప్రకటించే మాలాంటి బడులు, ర్యాంకులు అడిగే మీలాంటి తల్లిదండ్రులు కలిసి ఆలోచించాల్సిన విషయం. నీట్ రాయక తప్పదు, అందుకు కష్టపడకా తప్పదు. కానీ ఆ పరీక్ష మీ బిడ్డను కాలేజీ గేటు దాకా మాత్రమే తీసుకెళ్తుంది. గేటు దాటాక ప్రొఫెసర్ వెతికేది వేరు. ఈ విద్యార్థి ఎదుటి మనిషి చెప్పేది వింటున్నాడా? కళ్లతో చూసింది ఉన్నదున్నట్టు చెప్తున్నాడా? తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుంటున్నాడా? జనరల్ వార్డులో పడుకున్న పేదరాలితో మర్యాదగా మాట్లాడుతున్నాడా? వీటికి కోచింగ్ సెంటర్ లేదు. ఇవి ఇంట్లో, బడిలో చిన్నప్పటి నుంచి అలవడాలి.

ఈ నెల ఇంట్లో ఇలా చేసి చూడండి

మీ బిడ్డ వారం పాటు ఒక మొక్కనో, దూడనో, ఇంట్లో పెద్దల ఆరోగ్యాన్నో రోజూ గమనించి, చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాయమనండి. తప్పులు దిద్దకండి, రాసింది చదివి వినిపించమని మాత్రం అడగండి.

జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఎప్పటి నుంచి, ఎలా మొదలైందో డాక్టరుకు మీ బిడ్డనే చెప్పనివ్వండి. రోగిగా తన బాధను సరిగ్గా చెప్పడం నేర్చుకున్న పిల్లలు, రేపు ఎదుటివారి బాధను బాగా వినగలుగుతారు.

తాతమ్మనో, నానమ్మనో, జేజినో కూర్చోబెట్టి, వారి కాలంలో కాన్పులు ఎలా జరిగేవో అడగమనండి. ఇప్పటి వైద్యం విలువ పిల్లలకు అప్పుడు బాగా తెలుస్తుంది.

లక్ష్మణస్వామి ముదలియార్ 1974 ఏప్రిల్ 15న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చెన్నై తరమణిలో వైద్య శాస్త్రాల పోస్టుగ్రాడ్యుయేట్ సంస్థకు ఆయన పేరే పెట్టారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారు ఇంకొకరికి నేర్పారు, వారు మరొకరికి నేర్పారు. అలా చేతి నుంచి చేతికి వచ్చిన విద్యే మన ఊళ్లలో తల్లినీ బిడ్డనూ క్షేమంగా ఇంటికి పంపుతోంది. రేపు మీ బిడ్డ కూడా ఏదో ఒక వార్డులో, ఒక మంచి గురువు పక్కన అలా నిలబడాలని మా ఆకాంక్ష.