మాడపాటి హనుమంతరావు పంతులు

పాఠశాల యనగానే మనకు గదులు, బల్లలు, గంట స్మృతికి వచ్చును. కాని గోడలు కట్టుట పాఠశాలను స్థాపించుటలో మిక్కిలి సులభమైన పని. మొదట తగిన స్థలము కావలెను. పిదప ప్రభుత్వమువారి అనుమతి కావలెను. అచట చదివినవారికి పరీక్ష జరిపి పట్టమొసగు విద్యాసంస్థ యొకటి కావలెను. వీనినన్నిటిని మించి, తమ బిడ్డలను పంపుటకు తల్లిదండ్రులకు నమ్మకము కలుగవలెను. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను ఎంత గొప్ప భవనమైనను వట్టి గోడలే యగును. నిజాం ప్రభువుల కాలమున హైదరాబాదు నగరములో తెలుగు బాలికలకొరకు ఈ నాలుగింటిని ఓర్పుతో సమకూర్చిన మహనీయుడు మాడపాటి హనుమంతరావు పంతులు.

పంతులుగారు 1885వ సంవత్సరము జనవరి 22వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. చిన్ననాటనే తండ్రి గతించుటచే తల్లితోగూడ నల్లగొండ జిల్లాలోని సూర్యాపేటకు వచ్చి మేనమామ ప్రాపున పెరిగిరి. ఇంటిలో మాటలాడు భాష తెలుగు. కచేరీలలో నడచు భాష ఉర్దూ. బాలుడైన హనుమంతరావు రెండింటిని శ్రద్ధతో నేర్చెను. పారసీకమును, ఆంగ్లమును గూడ అభ్యసించెను. పెద్దవాడైన పిమ్మట ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేసి మనవారికి అందించెను. కొంతకాలము ప్రభుత్వోద్యోగము చేసి, తరువాత హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడెను. ప్రభుత్వ భాషయందు గల ఈ పాండిత్యము ముందు ముందు ఆయనకు ఎంతగానో అక్కరకు వచ్చినది. అధికారుల భాషలో అధికారులకు విన్నవించి, తన వారి భాషకు మేలు చేయగల నేర్పు ఆయనకు అబ్బినది.

ఆనాటి హైదరాబాదు రాజ్యములో ప్రజలలో సగమునకు కొంచెము తక్కువమంది తెలుగువారు. అయినను ఉన్నత విద్య యంతయు ఉర్దూలోనే సాగుచుండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు బోధన భాష ఉర్దూ. ఒక దేశభాషలో ఉన్నత విద్యను నేర్పుట సాధ్యమని ఆ విశ్వవిద్యాలయము లోకమునకు చూపినది. అది గొప్ప విషయమే. కాని ఇంట తెలుగు మాటలాడు బాలునకు ఉర్దూ సహితము పరభాషయే కదా! బాలుర గతియే ఇట్లుండగా బాలికల సంగతి చెప్పనక్కరలేదు. స్త్రీలలో నూటికి ఇద్దరికైనను చదువు రాని కాలమది.

1921వ సంవత్సరము నవంబరు 12వ తేదీన హైదరాబాదులో సంఘసంస్కరణ సభ యొకటి జరిగినది. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన మహారాష్ట్రుడు మహర్షి కార్వే ఆ సభకు అధ్యక్షుడు. ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో సాగిన ఉపన్యాసములను సభికులు శ్రద్ధతో వినిరి. అల్లంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగున ప్రసంగింప మొదలిడగానే కొందరు గోలచేసి ఎగతాళి చేసిరి. తమ రాజధానిలోనే తమ భాషకు జరిగిన ఆ పరాభవము తెలుగువారి మనసులను గాయపరచినది. ఆ రాత్రియే కొందరు పెద్దలు కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. పంతులుగారు దానికి కార్యదర్శులై భారమునంతయు తమ భుజములపై వేసికొనిరి.

కోపముతో కేకలు వేయుట పంతులుగారి స్వభావము కాదు. భాషకు గౌరవము రావలెనన్న ఆ భాషలో చదువు సాగవలెనని వారు తలచిరి. చదువు ఇంటింట నిలువవలెనన్న స్త్రీలు చదువుకొనవలెను. కావున రాజధానిలో తెలుగున బోధించు బాలికల పాఠశాల నొకదానిని నెలకొల్పుటకు వారు సంకల్పించిరి.

సంకల్పము సులభము, సాధన కష్టము. ఆ రాజ్యములో సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెను. ఖాన్గీ బడి, అనగా ప్రజలు స్వంతముగా నడుపుకొను బడి, తెరచుటకును విద్యాశాఖవారి అనుమతి కావలెను. అనుమతి లేని బడి ఎంత బాగుగా నడచినను మూతపడక తప్పదు. ఇట్టి స్థితిలో తొందరపడినవాడు బడిని పోగొట్టుకొనును. భయపడినవాడు బడిని పెట్టనే పెట్టడు. పంతులుగారు ఈ రెండు త్రోవలను విడిచిరి. నియమములను బాగుగా చదివి, వానికి లోబడియే పని నెరవేర్చుకొను మార్గమును వారు పట్టిరి. ఆయా నియమములను సడలింపుడని ప్రభుత్వమునకు విన్నపములు పంపుట మాత్రము మానలేదు.

బాలికల బడికి స్థలమును నిర్ణయించుటలో బాలుర బడికి లేని చిక్కులు కలవు. ఊరికి దూరమైనచో తల్లులు పంపరు. సంత నడుమనైనచో తండ్రులు అంగీకరింపరు. నారాయణగూడ ఈ రెండు దోషములు లేని చోటు. కాచిగూడ, సుల్తానుబజారు మొదలైన పేటలలోని తెలుగు కుటుంబములకు అది సమీపము. అచటనే 1928లో పంతులుగారి పాఠశాల వెలసినది.

మంచి పనికి మంచివారు తోడగుదురు. నగర కొత్వాలు రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారు ఈ పాఠశాలకు అండగా నిలిచిరి. ఆయన పాలమూరు సీమలోని వనపర్తి సంస్థానమున జన్మించి, స్వయంకృషితో నగర రక్షణాధికారి పదవి నందిన ప్రముఖుడు. 1918లోనే రెడ్డి విద్యార్థి వసతిగృహము నెలకొల్పుటలో ముఖ్యుడై పేద విద్యార్థులకు నీడ కల్పించినవాడు. సూర్యాపేటలో పెరిగిన న్యాయవాదియు, వనపర్తి సీమనుండి వచ్చిన కొత్వాలును ఒక్క బడికై చేయి కలుపుట చూచినవారికి ధైర్యము కలిగినది. కొత్వాలుగారే అండగా నున్న బడికి బిడ్డను పంపుటకు ఏ తండ్రి జంకును?

బడి నడచుచుండెను. కాని అన్నిటికంటె కఠినమైన అడ్డంకి మిగిలియుండెను. తెలుగున బోధించు పాఠశాల యగుటచే ఉస్మానియా విశ్వవిద్యాలయము దీనిని గుర్తింపలేదు. గుర్తింపు లేనిదే పరీక్ష లేదు. పరీక్ష లేనిదే పై చదువు లేదు. ఉర్దూలో బోధించుటకు ఒప్పుకొన్నచో చిక్కు తీరిపోవును. కాని ఏ కారణమున బడి పుట్టినదో ఆ కారణమే నశించును. తెలుగునే పట్టుకొన్నచో బాలికల భవిష్యత్తు ఏమగును? ఎవరికైనను సందేహము కలుగు ఘట్టమిది.

పంతులుగారు భాషను విడువలేదు, బాలికలను విడువలేదు. దారి ఊరిలో లేనప్పుడు వారు పొరుగూరివైపు చూచిరి. మహర్షి కార్వే 1916లో పూనాలో స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక విశ్వవిద్యాలయమును స్థాపించియుండెను. విద్యార్థినులకు వారి మాతృభాషలో బోధింపవలెననుట దాని మూలసూత్రము. పంతులుగారి కోరిక, కార్వేగారి ఆశయము ఒక్కటే. నారాయణగూడ పాఠశాల ఆ విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనది. ఏ మహనీయుని అధ్యక్షతన జరిగిన సభలో తెలుగు మాటకు పరాభవము కలిగినదో, ఆ మహనీయుని విద్యాసంస్థయే తెలుగు చదువునకు గౌరవము నిచ్చినది. హైదరాబాదు బాలికలు తమ మాతృభాషలో చదివి పరీక్షలకు కూర్చుండగలిగిరి. క్రమముగా ఆ బడి ఉన్నత పాఠశాలగా పెరిగినది.

ఈ నడుమ ఆంధ్రోద్యమము జిల్లాలకు వ్యాపించినది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. మరుసటి యేడు నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన రెండవ సభ జరిగినది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాల్గవ సభకు పంతులుగారే అధ్యక్షులైరి. ప్రజలు ఆయనను ఆంధ్ర పితామహుడని ప్రేమతో పిలిచిరి. ఆ ఉద్యమ చరిత్రను ఆయనయే గ్రంథముగా రచించిరి.

కాలము మారినది. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసినది. 1951లో పంతులుగారు హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరుగా ఎన్నికైరి. ఒకనాడు ఒక్క బడికై అనుమతులు కోరుచు అర్జీలు పట్టుకొని తిరిగినవారి యొద్దకు నగర ప్రజలు తమ అర్జీలతో వచ్చిరి. 1955లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో ఆయనను సత్కరించినది. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులుగా పనిచేసిరి. 1970వ సంవత్సరము నవంబరు 11వ తేదీన ఆయన పరమపదించిరి.

పదవులెన్ని వచ్చినను పంతులుగారి పేరు వినగానే జనులకు మొదట స్మృతికి వచ్చునది నారాయణగూడ బడియే. ఆ పాఠశాలకు ఆయన పేరే పెట్టబడినది. అడ్డు వచ్చిన తలుపును బ్రద్దలు కొట్టువారు కొందరు; తలుపు మూసియున్నదని తిరిగిపోవువారు మరికొందరు. పంతులుగారు ఓర్పుతో తట్టిరి. అది తెరువబడనప్పుడు మరియొక తలుపును వెదకిరి. నేడు తెలుగు బాలికలు నిశ్చింతగా బడికి పోయి తమ భాషలో పాఠము చదువుకొనుచున్నారన్న, దాని వెనుక ఇట్టివారి ఓర్పు కలదని విద్యార్థులు మరువరాదు.