తోలు విలువ తెలిసిన తెలుగువాడు: డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారి పేరు వినని తెలుగువారు తక్కువ. కనిష్క విమానంలో పోయిన శాస్త్రవేత్తగా చాలామందికి గుర్తు. అయితే తోలుతో ఆయన ఏం చేశారని అడిగితే చెప్పగలిగేవారు కొద్దిమందే. నేనూ కెమిస్ట్రీ మనిషిని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. కువైట్‌లో ఉద్యోగం చేస్తూ, ఇక్కడి గుర్రపు స్వారీలో వాడే ఒక తోలు వస్తువు గురించి తెలుసుకోబోయి ఆయన జీవితం దాకా వెళ్ళాను.

జహ్రా వైపు గుర్రపుశాలలు చాలా ఉన్నాయి. స్వారీ చేసేవారు పాంటు మీద కాళ్ళకు తోలు తొడుగులు వేసుకుంటారు. వాటిని చాప్స్ అంటారు. ముళ్ళపొదల నుంచి కాళ్ళను కాపాడుకోవడానికి మెక్సికో పశువుల కాపరులు వాడినవి, అమెరికా కౌబాయ్‌ల వల్ల లోకమంతటికీ తెలిశాయి. చీలమండ నుంచి మోకాలి దాకా వచ్చేవి హాఫ్ చాప్స్. మంచివి కావాలంటే మనిషి కొలతలు తీసుకుని చేత్తో కుట్టాల్సిందే. పిక్క చుట్టుకొలత, మోకాలు వంచినప్పటి ఎత్తు చూస్తారు. వాడేకొద్దీ తోలు చీలమండ దగ్గర మడతపడి కిందికి దిగుతుంది కనుక మొదట కాస్త పొడుగ్గా కుడతారు.

కుట్టు ఎంత బాగున్నా తోలు సరిగా ఊనకపోతే అంతా వృథా. పచ్చి చర్మం సుమారు 60 డిగ్రీల వేడినీళ్ళలోనే ముడుచుకుపోతుంది. క్రోమియం లవణాలతో బాగా ఊనిన తోలు మరిగే నీటికి కూడా తట్టుకుంటుంది, మెత్తగా కాలికి ఒదుగుతుంది. చెట్టు బెరడుతో ఊనిన తోలు గట్టిగా ఉండి జీనుకు బాగుంటుంది. ఈ శాస్త్రమే నాయుడమ్మ గారి రంగం.

ఆయన 1922 సెప్టెంబర్ 10న తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరు ఏ.సి. కాలేజీలో, తర్వాత బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. పదిమందీ ముక్కు మూసుకునే పనిని ఆ రోజుల్లో చదువుగా ఎంచుకోవడమే పెద్ద సాహసం. అమెరికా చదువు ముగించి ఆయన మద్రాసుకే తిరిగి వచ్చారు. 1948లో మొదలైన కేంద్ర చర్మ పరిశోధనా సంస్థకు 1958లో డైరెక్టరయ్యారు.

తంగేడు పట్టతో తోళ్ళు ఊనడం మద్రాసు ప్రాంతం వారికి పాత విద్య. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లకు ఆ తోళ్ళు వెళ్ళాయి. కానీ మనం పంపింది సగం తయారైన సరుకే. నగిషీ, లాభం అవతలి దేశానివి. దుర్వాసన, చాకిరీ మనవి. నాయుడమ్మ గారు ప్రయోగశాలను తోళ్ళ శాలల దగ్గరికి తీసుకెళ్ళారు. పనివాడికి అర్థమయ్యేలా చెప్పలేని పరిశోధన ఆయన దృష్టిలో పూర్తి కానట్లే. 1973 నుంచి ప్రభుత్వం సగం తయారైన తోళ్ళ ఎగుమతికి హద్దులు పెట్టినప్పుడు, పూర్తి సరుకు ఇక్కడే చేయగల నైపుణ్యం ఆ సంస్థ ద్వారా దేశానికి అందుబాటులో ఉంది.

1971లో పద్మశ్రీ వచ్చింది. 1971 నుంచి 1977 వరకు సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్‌గా ఉండి, సైన్సును పల్లెకు చేర్చే ప్రయత్నానికి మన కరీంనగర్ జిల్లాను ఎంచుకున్నారు. 1981-82లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరం దగ్గర కనిష్క విమానాన్ని బాంబుతో పేల్చివేసినప్పుడు చనిపోయిన 329 మందిలో ఆయన ఒకరు.

ఆయన జీవితం చదివినప్పుడల్లా మన గురించే ఆలోచన వస్తుంది. మనమూ ఒకరకంగా సగం ఊనిన తోళ్ళమే. ఊరి సొమ్ముతో చదువుకుని, పరాయి గడ్డ మీద పూర్తి ధర పలుకుతున్నాం. అందరం మూటాముల్లె సర్దుకుని తిరిగి వెళ్ళలేం. కానీ నేర్చుకున్నదాన్ని పనిచేసే చేతి దాకా చేర్చడం ఎక్కడున్నా చేయగలిగిన పనే. ఈసారి సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు, అక్కడి చర్మకారుడినో, నేతగాడినో, వడ్రంగినో కూర్చోబెట్టి మాట్లాడండి. సరుకు ఎవరికి ఎంతకు అమ్ముతున్నాడో, ఆ పై లాభం ఎవరికి పోతోందో అడగండి. మన లెక్కలు, మన కంప్యూటర్లు అతనికి ఎక్కడ పనికొస్తాయో అప్పుడు తెలుస్తుంది.