మన్యం చెప్పుకొన్న రామకథ

అల్లూరి సీతారామరాజుకు తల్లిదండ్రులు పెట్టిన పేరు శ్రీరామరాజు. సీత అనే బాలికయందు ఆయనకు అనురాగముండేదనీ, ఆమె అకాలమృత్యువు వాత పడగా ఆ పేరును తన పేరులో నిలుపుకొన్నాడనీ ఒక కథ ప్రచారంలోకి వచ్చినది. జీవితచరిత్రకారులలో పలువురు దీనిని త్రోసిపుచ్చినారు. కాషాయం కట్టి అడవి చేరిన రాముని ప్రక్కన సీత లేకపోవడం జనానికి లోపంగా తోచినది కాబోలు! ఆయన విషయంలో చరిత్ర ఎక్కడ నిలిచి పురాణం ఎక్కడ మొదలైనదో తేల్చుకొనడం పేరు దగ్గరనే కష్టమైనది.

1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణం జిల్లా పాండ్రంగిలో మాతామహుల యింట ఆయన జన్మించినాడు. తండ్రి వెంకటరామరాజుగారి స్వస్థలం భీమవరం ప్రాంతంలోని మోగల్లు. వృత్తి ఛాయాచిత్రాలు తీయడం. రాజమహేంద్రవరంలో కాపురముండగా 1908 గోదావరి పుష్కరాలనాడు వ్యాపించిన కలరాకు తండ్రి బలియైనాడు. తల్లి సూర్యనారాయణమ్మగారికి, పిల్లలకు తహశీల్దారు ఉద్యోగంలో ఉన్న పినతండ్రి రామకృష్ణంరాజుగారే దిక్కైనారు. పిల్లవాని చదువు కాకినాడ, తుని, నర్సాపురం, విశాఖపట్టణం అంటూ ఊరూరా తిరిగినది గాని పట్టాదాకా పోలేదు. 1916లో ఉత్తరదేశయాత్రకు వెడలి, కాశి మొదలైన క్షేత్రాలు సేవించి, తిరిగివచ్చి మన్యం అంచునగల కృష్ణదేవిపేట చేరినాడు. అక్కడ జపతపాలు, మూలికావైద్యం, జాతకాలు, ముహూర్తాలు. ఇంతవరకు ఇందులో అద్భుతమేమీ లేదు. అటువంటి యువసన్యాసులు ఆ రోజులలో ప్రతి క్షేత్రంలోను కనిపించేవారు. అయితే ఈ సన్యాసి రాకకు ముందే మన్యం తన కథను సిద్ధంచేసి ఉంచుకొన్నది.

ఆ కథ ఎంత పాతదో చూడండి. 1886లో గూడెం కొండలలో రాజన అనంతయ్య వెంట లేచి పోలీసుఠాణాపై పడినవారు తమను రామదండు అని చెప్పుకొన్నారు. (1921లో చీరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు తమ సేవాదళానికి పెట్టిన పేరూ ఇదే. మైదానమూ మన్యమూ ఒకే పురాణాన్ని ఎంత వేరుగా వాడుకొన్నవో వేరే వ్యాసం వ్రాయవచ్చును.) అరకు, సాలూరు ప్రాంతాల కొండదొరలలో తమది పాండవుల కులమని చెప్పుకొనేవారున్నారు. 1900లో పాచిపెంట సమీపాన కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొరకు పూనకం వచ్చినది. నాలుగైదువేల జనం చేరినారు. తాను పాండవులలో ఒకని అవతారమనీ, తన పసిబిడ్డ శ్రీకృష్ణుడనీ, తెల్లవారిని తరిమి తాను ఏలుతాననీ అతడు ప్రకటించినాడు. వెదురుబొంగులు మంత్రబలంతో తుపాకులు కాగలవు. సర్కారు ఆయుధాలు నీరైపోగలవు. నిజంగానే వెదుళ్ళు నరికి తుపాకుల ఆకారంలో చెక్కి, వాటితో కవాతు చేసినారు. విచారణకు వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళను కొట్టి చంపినారు. మే నెలలో ఒకనాటి తెల్లవారుజామున రిజర్వు పోలీసులు శిబిరంపై పడి కాల్చగా పదకొండుమంది కూలినారు. మల్లయ్య చెరసాలలో చనిపోయినాడు. ఆ పసికృష్ణుడు కూడ దక్కలేదు. పాండ్రంగి పిల్లవానికి అప్పటికి ఇంకా మూడేళ్ళు నిండలేదు.

జిల్లా గెజెటీరు వ్రాసిన ఆంగ్లాధికారి దీనిని మూఢభక్తుల అల్లరిగా లెక్కించినాడు. మనలో చదువుకొన్నవారు కూడ అంతకంటె భిన్నంగా ఆలోచించరని నా అనుభవం. తరగతిలో పురాణమన్న మాట ఎత్తగానే విద్యార్థులు కట్టుకథ అని అర్థం చెబుతారు. నిరుక్తం వ్రాసిన యాస్కుడు మాత్రం పాతదయ్యు కొత్తగా ఉండేది పురాణమని వ్యుత్పత్తి చెప్పినాడు. గుండు నీరవుతుందన్న మాటను వస్తుగుణాన్ని తెలిపే వాక్యంగా తీసుకొంటే అది అబద్ధం, ప్రాణాంతకమైన అబద్ధం. కాని కొండవాడు ఆ మాటతో చెప్పదలచినది వేరు. అడవి సర్కారుదనీ, పోడు నేరమనీ, వెట్టి విధి అనీ చట్టం అతనికి చెప్పినది. ఆ చట్టాన్ని కాదనడానికి అతనికి కోర్టు భాష లేదు, పత్రికల భాష లేదు. ఈ రాజ్యం శాశ్వతం కాదనీ, దీనికి పైన మరొక న్యాయమున్నదనీ చెప్పడానికి అతనికి దొరికినది రాముడు, పాండవులు, అవతారం అన్న మాటలే. భక్తిభాషలో పురాణం చేసే పని ఇది: ఉన్నదానిని వర్ణించడం కాదు, ఉన్నది మారగలదని పలకడం. ఆ పలుకుకు మల్లయ్య వెంట నడచినవారు ఎంత మూల్యం చెల్లించినారో కూడ మరువరాదు.

శ్రీరామరాజు ఈ భాషలోనికి అడుగుపెట్టినాడు. పంచాయతీలు పెట్టించినాడు, కల్లుసారాయిలు మానమన్నాడు, ఖద్దరు కట్టమన్నాడు. సహాయనిరాకరణోద్యమం మన్యంలో సాధువు నోట వినబడినది. ఆయన చూపు సోకితే రోగం పోతుందనీ, పులులు ఆయనకు దారి యిస్తాయనీ, గుండు ఆయనను తాకదనీ జనం చెప్పుకొన్నారు. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ నర్సీపట్టణం నుండి లంబసింగి ఘాటుమీదుగా వేయిస్తున్న బాటపై సరైన కూలి లేక చాకిరీ చేసినవారే ఈ కథలకు శ్రోతలు. ప్రభుత్వం ఆయనపై నిఘా పెట్టినది; తరువాత డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ మంచిమాటలతో పైడిపుట్టలో భూమి యిప్పించి సేద్యగానిగా నిలుప జూచినాడు. ఆ సేద్యం ఎంతోకాలం సాగలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజులలో మూడు ఠాణాలు కొల్లగొట్టి, ఇరవైయారు తుపాకులు తీసికొని, తీసికొన్నవాటి వివరం వ్రాసి సంతకంచేసి పోయినాడు. మల్లయ్యకూ ఈయనకూ గల భేదమంతా ఇక్కడనే ఉన్నది. జనం ఆయనను అవతారమన్నారు; ఆయన మాత్రం వెదురును వెదురుగానే ఎరిగినవాడు. తుపాకి కావలసివస్తే ఠాణాకు పోయినాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచియుండి, ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్లదొరలను కాల్చి చంపించినాడు. ఎవరిని కాల్చవలెనో ఎవరిని విడువవలెనో నిర్ణయించుకొన్న ఆ నిగ్రహం పూనకంలో సాధ్యమయ్యేది కాదు.

అయినను తన మహిమలను గూర్చిన కథలను ఆయన ఆపినవాడు కాడు. ఇది ఆయన దోషమా, వ్యూహమా? రెండూ కావచ్చునని నేననుకొంటాను. ఆ కథలు లేకుంటే కొండలలో ఆయనకు అన్నం పెట్టేవారు, జాడ దాచేవారు అంతమంది ఉండేవారు కారు. కాని 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మలబారు పోలీసు దళం ఎదురుపడినప్పుడు గుండ్లు పూలు కాలేదు. అనుచరులలో పలువురు నేలకొరిగినారు. అటుపిమ్మట పెద్ద పోరాటాలు అరుదైనవి. విచిత్రమేమనగా కథ మాత్రం తరుగలేదు. 1923 ఏప్రిల్‌లో ఆయన అన్నవరం వచ్చినప్పుడు సత్యనారాయణస్వామి కొండక్రింద జనం దేవుని చూచినట్లు ఆయనను చూచినారు. తలకు వెల కట్టబడిన మనిషి పట్టపగలు ఊరిలో తిరిగినాడు. పోరు తగ్గినకొలది పురాణం పెరిగినది.

1924లో ప్రభుత్వం రూథర్‌ఫర్డును ప్రత్యేకాధికారిగా పంపినది. అస్సాం రైఫిల్సు దిగినది. రాజుకు ఆశ్రయమిచ్చిన పల్లెలపై ఒత్తిడి దుర్భరమైనది. మే 7న మంప దగ్గర ఆయన పట్టుబడగా కొయ్యూరు తీసికొనిపోయి, మేజర్ గుడాల్ ఎదుట చెట్టుకు కట్టి కాల్చి చంపినారు. కోర్టు లేదు, విచారణ లేదు. దహనం కృష్ణదేవిపేటలో జరిగినది. ఆయన వయస్సు అప్పటికి ఇరవైయేడు నిండలేదు.

మన్యంలో పలువురు నమ్మలేదు. కాలినది వేరొకని దేహమన్నారు. ఆ తరువాత ఎన్నో ఏండ్లు, ఎక్కడెక్కడి సాధువులనో చూచి ఆయనే అన్నవారున్నారు. చరిత్ర విద్యార్థి ఆ వాదాలతో కాలక్షేపం చేయనక్కరలేదు. కొయ్యూరులో చనిపోయినది శ్రీరామరాజే. కాని ఆ అపనమ్మకాన్ని అజ్ఞానమని కొట్టివేయడానికి నాకు మనసొప్పదు. విచారణ లేకుండ చంపిన మరణాన్ని అంగీకరించమని పురాణం తన భాషలో చెప్పినదనుకొంటాను.

నాకు గల ఫిర్యాదు మరొకటి. రామకథలో రాముడొక్కడే రాజు, తక్కినవారు వానరసైన్యం. ఆ అచ్చులో పోసినందువల్ల మన్యంవారి సొంత మనుషులు కథ అంచుకు నెట్టబడినారు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు బట్టిపనుకుల వాసులు. బాస్టియన్‌తో వారి తగవు సన్యాసి మాటల వలన పుట్టినది కాదు. దండు నడిపినవారిలో ముఖ్యులు వారు. మల్లుదొర 1923లో పట్టుబడినాడు. రాజు చనిపోయిన తరువాత గంటందొర ఆయుధం దించలేదు. నెలరోజులకు, జూన్‌లో, పోలీసుల చేతిలో హతుడైనాడు. అతడు బ్రతికియున్నాడని ఎవరూ కథ చెప్పుకొనలేదు. అరకు లోయతో కూడిన జిల్లాకు 2022లో అల్లూరి సీతారామరాజు పేరు పెట్టినారు, అది సముచితమే. మల్లుదొర చెరసాలనుండి బయటపడి, 1952 ఎన్నికలలో విశాఖపట్టణం నుండి గెలిచి ఢిల్లీలో లోకసభలో కూర్చున్నాడు.