ఫ్రెంచి నేర్చుకుని పైలట్ అయిన బెస్సీ కోల్మన్

 

పోయిన తల్లిదండ్రుల సమావేశంలో తొమ్మిదో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు లేచి ఒక మాట అడిగారు. వాళ్ళవాడికి డ్రోన్ల పిచ్చి. బేలగొండపల్లి వైపు విమానం చప్పుడు వినబడితే చాలు, ముందున్న అన్నం వదిలేసి బయటికి పరిగెడతాడట. పైలట్ అవుతానంటున్నాడట. తెలుగు మీడియంలో ఉంటే వాడికి ఆ దారి మూసుకుపోతుందేమో, ఇప్పుడే బడి మార్చేయాలా అని ఆయన బాధ. అడగడంలో తప్పేమీ లేదు. నేను అప్పటికప్పుడు చెప్పిన జవాబే నాకు తృప్తిగా అనిపించలేదు. ఇంటికెళ్ళాక బెస్సీ కోల్మన్ గుర్తుకొచ్చింది. ఆమె జీవితం మీ అందరికీ చెబుదామని ఇది రాస్తున్నాను.

బెస్సీ 1892 జనవరి 26న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, అట్లాంటా అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పదమూడు మంది పిల్లల్లో ఒకతె. పంటలో వాటా ఇస్తామనే ఒప్పందం మీద పరుల భూమి సాగుచేసే నల్లజాతి కుటుంబం. తండ్రి వైపు చెరోకీ అనే ఆదివాసీ జాతి రక్తం కూడా ఉంది. తర్వాత వాళ్ళు వాక్సహాచీ అనే ఊరికి మారారు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి ఇల్లు విడిచి ఓక్లహోమా వెళ్ళిపోయాడు. తల్లి సుసాన్ ఇళ్ళల్లో పనిచేసి పిల్లల్ని సాకింది.

బడి నాలుగు మైళ్ళ దూరం. ఒకే గది, అదీ నల్లజాతి పిల్లలకు వేరుగా పెట్టింది. పత్తి తీసే రోజులొస్తే బడి ఆగిపోయేది, పిల్లలంతా చేలల్లోనే. బెస్సీకి లెక్కలు బాగా వచ్చేవి కాబట్టి ఇంట్లోవాళ్ళు తీసిన పత్తి లెక్క చూసే బాధ్యత ఆమెదే అయింది. బట్టలు ఉతికి కూడబెట్టిన డబ్బుతో 1910లో ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్ కాలేజీలో చేరింది. ఒక్క టర్మ్ గడిచేసరికి డబ్బు అయిపోయింది. మళ్ళీ ఇంటికొచ్చి బట్టలు ఉతికే పనిలోనే పడింది.

1915లో అన్నల దగ్గరికి షికాగో నగరం చేరింది. క్షౌరశాలలో మగవాళ్ళ చేతిగోళ్ళు తీర్చిదిద్దే పని దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అన్న జాన్ ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చాడు. అక్కడి ఆడవాళ్ళు విమానాలు కూడా నడుపుతారు, నీ వల్ల అవుతుందా అని చెల్లెల్ని ఆటపట్టించేవాడు. అన్నలు ఆటపట్టించడం ఏ ఇంట్లో లేదు? కానీ ఈ చెల్లెలు దాన్ని పంతంగా పట్టుకుంది.

అమెరికాలో నేర్పేవాళ్ళు దొరకలేదు. నల్లజాతి, ఆపైన ఆడది. ఒక్క బడి కూడా చేర్చుకోలేదు. 'షికాగో డిఫెండర్' పత్రిక నడిపే రాబర్ట్ అబాట్ ఆమెకు ఒక దారి చూపించాడు. ఫ్రాన్స్‌లో ఈ అడ్డు ఉండదు, ముందు ఆ భాష నేర్చుకో, డబ్బు కూడబెట్టుకో అని ఆయన సలహా.

తల్లిదండ్రులు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. మధ్యలో ఆగిన చదువు. ఫ్రెంచి భాషతో ఆమెకు ఇంట్లో గానీ, వీధిలో గానీ, బడిలో గానీ ఏ సంబంధమూ లేదు. అయినా పని చేసుకుంటూనే షికాగోలోని బెర్లిట్జ్ భాషా పాఠశాలలో చేరి ఫ్రెంచి నేర్చుకుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తెలుగుతో పాటు తమిళం, ఇంగ్లీషు, సంతలో కన్నడ మాట్లాడతారు. పన్నెండేళ్ళకే నాలుగు భాషల్లో బేరమాడగల పిల్లవాడికి భాష అడ్డొస్తుందని మనం భయపడుతున్నాం. అలాగని ఇంగ్లీషు అక్కర్లేదని నేను అనడం లేదు. ఆ సంగతి కింద రాస్తాను.

1920 నవంబరులో ఆమె ఓడెక్కింది. ఫ్రాన్స్‌కు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న ల క్రొతువా అనే ఊళ్ళో కోద్రాన్ అన్నదమ్ముల విమాన పాఠశాలలో చేరింది. నేర్చుకున్నది న్యూపోర్ట్ 82 రకం విమానం మీద. రెండంతస్తుల రెక్కలు, కర్ర చట్రం, పైన గుడ్డ. ఒక కర్రపిడితో ముక్కు పైకి కిందికి, రెక్కలు పక్కలకు వంచాలి. తోకను కాళ్ళతో తిప్పాలి. తోటి విద్యార్థి ఒకరు ప్రమాదంలో చనిపోవడం అక్కడే చూసింది. అయినా వెనక్కి తగ్గలేదు. ఏడు నెలల్లో చదువు ముగించి, 1921 జూన్ 15న అంతర్జాతీయ వైమానిక సమాఖ్య లైసెన్సు అందుకుంది. ఆ లైసెన్సు పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. మీలో చాలామందికి తెలిసిన అమీలియా ఇయర్‌హార్ట్‌కు ఇదే సమాఖ్య లైసెన్సు దొరికింది 1923లో. మన దేశంలో తొలి లైసెన్సు జె.ఆర్.డి. టాటా తీసుకున్నది 1929లో.

ఆ లైసెన్సులో ఒక తమాషా ఉంది. పుట్టిన సంవత్సరం 1896 అని ఉంటుంది. వయసు నాలుగేళ్ళు తగ్గించి రాయించుకుంది! ముప్పై ఏళ్ళుగా అడ్మిషన్ రిజిస్టర్లు చూస్తున్న నాకు ఇదేమీ వింత కాలేదు.

తిరిగొచ్చాక కూడా అమెరికాలో పై చదువు చెప్పేవాళ్ళు దొరక్క, 1922లో మళ్ళీ యూరప్ వెళ్ళి విన్యాసాలు నేర్చుకొచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరు 3న న్యూయార్క్ దగ్గర కర్టిస్ మైదానంలో మొదటి బహిరంగ ప్రదర్శన ఇచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఇంజను ఆగి విమానం కూలింది. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి. కోలుకుని మళ్ళీ ఎక్కింది. ఇదంతా పేరు కోసం కాదు. తనను చేర్చుకోని దేశంలో తనలాంటి వాళ్ళ కోసం ఒక విమాన పాఠశాల పెట్టాలని ఆమె కోరిక. ప్రదర్శనల డబ్బు దానికే. సొంతూరు వాక్సహాచీలో ప్రదర్శన పెట్టినప్పుడు తెల్లవాళ్ళకో గేటు, నల్లవాళ్ళకో గేటు అన్నారు నిర్వాహకులు. అందరికీ ఒకే గేటు పెడితేనే ఎగురుతానంది. లోపల కూర్చునేచోటు మాత్రం వేరువేరుగానే ఉంచారు. గేటు వరకు గెలిచింది.

పిల్లలూ, ఇక చెప్పబోయేది జాగ్రత్తగా చదవండి. 1926 ఏప్రిల్ 30, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్. మరుసటి రోజు ప్రదర్శన. పారాచూట్‌తో ఎక్కడ దూకాలో చూసుకోవడానికి పొద్దున్నే పైకి వెళ్ళింది. విమానం పాతది, యుద్ధకాలపు జెన్నీ. టెక్సాస్ నుంచి తెచ్చేటప్పుడే దారిలో మొరాయించింది. నడుపుతున్నది మెకానిక్ విలియం విల్స్. వెనక సీట్లో ఉన్న బెస్సీ, వంగి కిందికి చూడాలని బెల్టు పెట్టుకోలేదు. ఉన్నట్టుండి విమానం ముక్కు కిందికి వాలి తలకిందులైంది. ఆమె బయటికి పడిపోయింది. విమానంతో పాటు విల్స్ కూడా పోయాడు. తర్వాత చూస్తే, ఎవరో మరిచిపోయిన పానా ఒకటి కంట్రోలు గేర్లలో ఇరుక్కుని ఉంది.

ఒక పానా, ఒక బెల్టు. ఎగిరే ముందు తనిఖీ అని డ్రోన్ శిక్షణలో మొదటి రోజు నుంచీ చెప్పేది ఇందుకే. రెక్కల స్క్రూలు, బ్యాటరీ, చుట్టుపక్కల మనుషులు, తీగలు. విసుగనిపిస్తుంది, అయినా ప్రతిసారీ చూడాలి.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. పాఠశాల పెట్టకుండానే పోయింది. మూడేళ్ళ తర్వాత, 1929లో, విలియం పవెల్ అనే ఆయన లాస్ ఏంజెలెస్‌లో ఆమె పేరుతో విమాన క్లబ్బు పెట్టి నల్లజాతి ఆడవాళ్ళకు, మగవాళ్ళకు నేర్పాడు. 1931 నుంచి షికాగో పైలట్లు ఆమె సమాధి మీదుగా ఎగురుతూ పూలు వదలడం మొదలుపెట్టారు. 1992లో అంతరిక్షంలోకి వెళ్ళిన మే జెమిసన్ తనతో ఆమె ఫొటో తీసుకెళ్ళింది.

ఇక ఆ నాన్నగారి ప్రశ్నకు వస్తాను. మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు పద్దెనిమిదేళ్ళు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. ఏ మీడియం అని అడగరు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు ఆ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. కానీ నిషేధిత ప్రాంతాల నియమం దానికీ ఉంది. విమానాశ్రయాల దగ్గర ఎగరేయకండి. విమానం నడపాలంటే మాత్రం ప్లస్ టూలో భౌతికశాస్త్రం, లెక్కలు గట్టిగా చదవాలి. రేడియోలో మాట్లాడడానికి ఇంగ్లీషు పరీక్ష ఉంటుంది. దానికి ఇప్పటి నుంచే తయారు కావచ్చు. బడి మారనక్కర్లేదు.

తొమ్మిది, పది తరగతుల్లో ఆసక్తి ఉన్న పిల్లలు వచ్చే శనివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక సైన్సు గదికి రండి. అమ్మాయిలు కూడా తప్పకుండా రావాలి. డ్రోన్ ఇంకా రాలేదు. ముందు కాగితం విమానాలతో రెక్క, గాలి సంగతి చూస్తాం. ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. అందులో ఒక పక్క తెలుగు మాట, ఒక పక్క ఇంగ్లీషు మాట రాసుకుందాం.

పదో తరగతి తల్లిదండ్రులకు ఇంకొక మాట. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, మన రిజిస్టర్లో ఇంకొకటి ఉంటే ఈ నెలాఖరులోగా జనన ధ్రువపత్రంతో ఆఫీసుకు రండి. పబ్లిక్ పరీక్షల జాబితా వెళ్ళిపోయాక దిద్దడం చాలా కష్టం.