సోరెన్‌సెన్

పులుపును నాలుకతో తెలిసికొనుట ఎల్లరును చేయు పనియే. చింతపండు రసము మిక్కిలి పుల్లన, మజ్జిగ అంతకంటె తక్కువ అని చెప్పగలము. కాని ఎంత పులుపు అని యడిగినచో అంకెలలో చెప్పుట యెట్లు? ఆ మార్గమును చూపినవాడు డెన్మార్కు దేశీయుడగు సోరెన్ సోరెన్‌సెన్.

అతడు 1868వ సంవత్సరము జనవరి 9వ తేదీన హావ్రెబ్యెర్గ్ అను పల్లెయందు ఒక రైతు ఇంట జన్మించెను. పదునెనిమిదవ యేట వైద్యము చదువగోరి కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయమున చేరెను గాని, యోర్గెన్‌సెన్ అను ఆచార్యుని ప్రభావముచే అతని మనస్సు రసాయనశాస్త్రము మీదికి మరలెను. 1899లో డాక్టరు పట్టమును పొంది, 1901లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలయందలి రసాయనశాఖకు అధిపతి యయ్యెను. ఆ ప్రయోగశాలను 1875లో స్థాపించినవాడు యాకబ్‌సెన్ అను బీరు వ్యాపారి. అచట కనుగొనిన విషయములను దాచక లోకమునకెల్ల వెల్లడింపవలెనని అతడు నియమము చేసెను. వ్యాపారులలో నిట్టివారు అరుదు.

అచట సోరెన్‌సెన్ ఎంజైములను పరిశోధించెను. ఒకే ఎంజైము ఒక ద్రవమున చురుకుగా పనిచేయును. మరియొక ద్రవమున మందగించును. ద్రవముయొక్క ఆమ్లతను సరిగా కొలువనిదే ఈ భేదము తేలదు. అంతవరకు రసాయనికులు క్షారమును కొంచెము కొంచెముగా పోయుచు, ద్రవమున మొత్తము ఎంత ఆమ్లము కలదో లెక్కించుచుండిరి. ఆ లెక్క యిచట అక్కరకు రాలేదు. ఏలయన, సమపాళ్ళలో కలిపినను, హైడ్రోక్లోరికామ్లము విడుదల చేసినన్ని హైడ్రోజను అయానులను వినిగరునందలి ఆమ్లము విడుదల చేయదు. ఎంజైమునకు ముఖ్యమైనవి ద్రవమున స్వేచ్ఛగా నున్న అయానులే.

వానిని కొలుచుటకు అతడు విద్యుత్తు నాశ్రయించెను. ప్లాటినపు నల్లపూత గల ప్లాటినమును ద్రవమున ముంచి, దానికి హైడ్రోజను వాయువు తగులునట్లు చేసి, స్థిరమైన మరియొక ధ్రువముతో పోల్చినచో కొంత వోల్టేజి కనబడును. అయానుల గాఢత పదింతలు మారినపుడు అది సుమారు 58 మిల్లీవోల్టులు మారును. కావున గాఢతను పదియొక్క ఘాతముగా వ్రాసి, ఘాతాంకమునందలి ఋణచిహ్నమును విడిచి వాడుట సులభమని 1909లో అతడు సూచించెను. అదియే పి.హెచ్. శుద్ధజలమునకు సుమారు 7. అంతకు తగ్గినది ఆమ్లము, మించినది క్షారము. 7 నుండి 6కు దిగిన ద్రవమున అయానులు పదిరెట్లగును. విద్యార్థులు తరచుగా పొరబడు తావిదియే.

ఆ 1909లోనే హేబర్, క్లెమెన్‌సీవిచ్ అనువారు పలుచని గాజుబుడ్డితో చేసిన విద్యుద్ధ్రువమును గూర్చి ప్రకటించిరి. 1934లో అమెరికాయందు బెక్‌మన్ దానికి తగిన మీటరును నిర్మించెను. అతడు మొదట కొలువదలచినది నిమ్మరసపు పులుపు.

జీవకణములను పాత్రలలో పెంచువారికి ఈ కొలత ప్రాణాధారము. జంతుకణములలో పెక్కింటికి 7.4 ప్రాంతము హితము. అవి చక్కెరను వాడుకొనుచు లాక్టికామ్లమును విడుచును. ద్రవము మిక్కిలి పులిసినచో ఆ కణములే నశించును. ద్రవమున కలిపిన ఫినాల్ రెడ్ పసుపువన్నెకు తిరుగుటను చూచి అపాయమును గుర్తింపవచ్చును గాని, చూచుటకు ఒకరు దగ్గర నుండవలెను. పెద్ద పాత్రలయందు గాజు విద్యుద్ధ్రువము రేయింబవళ్ళు మునిగియుండి ఆ కావలి కాయును.

సోరెన్‌సెన్ భార్య మార్గరెథె అతని పరిశోధనలలో తోడ్పడెను. 1924లో లిండర్‌స్ట్రోమ్-లాంగ్ అను సహచరునితో గూడి, గాఢతకు బదులు అయానుల క్రియాశీలతను ఆధారముగా గొని, తన నిర్వచనమును తానే సవరించెను. 1938లో పదవిని విడిచి, 1939 ఫిబ్రవరి 12వ తేదీన కన్నుమూసెను.