ఇల్లు చేరని విప్లవకారుడు వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ

భారత కోకిల సరోజినీ నాయుడు గురించి మనమందరం పాఠాల్లో చదువుకున్నాం. కానీ ఆమె తమ్ముడు వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ పేరు మనలో చాలామంది విని ఉండరు. దేశ స్వాతంత్ర్యం కోసం మూడు దశాబ్దాలకు పైగా పరాయి దేశాల్లో గడిపి, మళ్లీ మన గడ్డ మీద కాలు పెట్టకుండానే ప్రాణాలు విడిచిన విప్లవకారుడు ఆయన.

వీరేంద్రనాథ్ 1880 అక్టోబర్ 31న హైదరాబాద్‌లో జన్మించారు. వారిది బెంగాలీ కుటుంబం. తండ్రి అఘోరనాథ్ నిజాం కాలేజీకి పునాది వేసిన విద్యావేత్త. చాందా రైల్వే పథకాన్ని వ్యతిరేకించినందుకు 1883లో ఆయనను హైదరాబాద్ రాజ్యం నుంచి బహిష్కరించారు. కొన్నేళ్లకు మళ్లీ రానిచ్చారు. తండ్రికి దొరికిన ఆ అవకాశం కొడుకుకు దొరకలేదు.

ఇరవై ఏళ్లు దాటాక వీరేంద్రనాథ్ ఐ.సి.ఎస్. పరీక్ష కోసం ఇంగ్లండ్ వెళ్లారు. పరీక్షలో నెగ్గలేదు. న్యాయశాస్త్రం చదువుతూ లండన్‌లోని ఇండియా హౌస్ విప్లవకారులతో కలిశారు. 1909లో సావర్కర్‌ను సమర్థించినందుకు ఆయన చదువుతున్న మిడిల్ టెంపుల్ సంస్థ ఆయనను వెళ్లగొట్టింది. 1910లో పారిస్ చేరి మేడమ్ కామాతో పనిచేశారు. తర్వాత జర్మనీ వెళ్లి భాషాశాస్త్రం చదవసాగారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మనీ సాయంతో బ్రిటిష్ పాలనను కూలదోయాలని ప్రవాస భారతీయులు బెర్లిన్ కమిటీ పెట్టారు. దానికి ఆయన ప్రాణం వంటివారు. బ్రిటిష్ గూఢచారులు ఆయనను దేశదేశాలా వెంటాడారు. 1917లో స్వీడన్ వెళ్లి స్టాక్‌హోమ్ నుంచి ప్రచారం సాగించారు. ఇండియాకు వస్తే జైలు తప్పదు. అందుకే ఉన్నచోటనే పోరాటం చేశారు. 1927లో బ్రస్సెల్స్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక సమితి ఏర్పడినప్పుడు దాని ముఖ్య నిర్వాహకుల్లో ఆయన ఒకరు. ఆ మహాసభకు కాంగ్రెస్ తరఫున నెహ్రూ వచ్చారు.

1930ల తొలినాళ్లలో సోవియట్ యూనియన్ చేరి, లెనిన్‌గ్రాడ్‌లో మానవజాతుల అధ్యయన సంస్థలో భారత విభాగం చూసుకున్నారు. అనేక భాషలు నేర్చిన ఆయనకు అది తగిన పని. కానీ స్టాలిన్ కాలపు అరెస్టులు ఆయననూ వదలలేదు. 1937 జూలైలో పట్టుకుపోయి, సెప్టెంబర్ 2న కాల్చి చంపారు. బ్రిటిష్ వారికి చిక్కని మనిషి, తాను నమ్మిన దేశంలోనే బలయ్యారు. ఆయన చనిపోయిన తేదీ ఎన్నో ఏళ్లపాటు ఇక్కడివారికి తెలియదు. 1949లో సరోజినీ నాయుడు చనిపోయేనాటికీ ఆ సంగతి బయటపడలేదు.

తమ్ముళ్లారా, హాస్టల్‌లో ఉండే మనకు ఇంటి మీద బెంగ ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. దసరా సెలవులిస్తే చాలు, పెట్టె సర్దుకుని బస్సెక్కుతాం. ఆయనకు అలాంటి సెలవు ఒక్కటీ రాలేదు. పరీక్ష పోయినా ఆయన చదువు మానలేదు. ఆ చదువును తన కోసం దాచుకోనూ లేదు.

కల్వకుర్తి నుంచి పై చదువులకు హైదరాబాద్ వెళ్లేవారు నాంపల్లిలో గోల్డెన్ త్రెషోల్డ్ అనే ఇంటిని ఒకసారి చూసి రండి. అది సరోజినీ కుటుంబం ఉన్న ఇల్లు. అక్కడ అక్కతోపాటు ఆ తమ్ముణ్ని కూడా తలచుకోండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)